పెల్టియర్‌తో పూల పెట్టె చల్లబడటం లేదు, తప్పు ఎక్కడ చేస్తున్నా?

పూలబండి (కర్నూలు) · ఏప్రిల్ 14, రాత్రి 9:40

అందరికీ నమస్తే. అమ్మకి గుడి దగ్గర పూల బండి ఉంది. ఎండాకాలంలో మల్లెమొగ్గలు పొద్దున ఆరింటికి మార్కెట్ నుంచి తెస్తే మధ్యాహ్నానికే విచ్చుకుని వడలిపోతాయి, సాయంత్రం అసలు గిరాకీ మొదలయ్యే టైముకి సగం ధర కూడా పలకదు. యూట్యూబ్‌లో పెల్టియర్‌తో ఇంట్లోనే ఫ్రిజ్ అని ఒక వీడియో చూసి టీఈసీ1-12706 అనే పెల్టియర్ పలక (కరెంటిస్తే ఒక వైపు చల్లబడి రెండో వైపు వేడెక్కేది) తెప్పించా, 12 వోల్టుల 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) ఒకటి, రెండు వైపులా వేడిని గాలిలోకి పంచే అల్యూమినియం రెక్కల హీట్‌సింకులు, బయట వైపు పాత కంప్యూటర్ ఫ్యాను. చేపల థర్మాకోల్ పెట్టె మూతకి కంత కోసి బిగించా. బయట 41 డిగ్రీలు ఉంటే లోపల 29 దగ్గర ఆగిపోయింది. రెండు గంటలు చూశా, కదల్లేదు. వీడియోలో ప్లేటు మీద మంచు పేరుకుంది. నాకొచ్చిన పీసు డూప్లికేటా? ఇంకో రెండు కొని పెడితే పనవుతుందా?

కంప్రెసర్ మామ (గుంటూరు) · ఏప్రిల్ 14, రాత్రి 10:05

తమ్ముడూ, ఆ పీసు బాగానే పని చేస్తున్నట్టుంది. 41 నుంచి 29కి దించింది కదా. ఆ వీడియో చూసి నా షాపుకి వారానికి ఒకడు వస్తాడు, రూములో ఏసీ బదులు పెట్టొచ్చా అని. ముందు ఒక్కటి చెప్పు, బయట వైపు హీట్‌సింక్ మీద వేలు పెట్టి ఎంతసేపు ఉంచగలవు?

పూలబండి · ఏప్రిల్ 14, రాత్రి 10:11

ఉంచలేనన్నా. చురుక్కుమంటుంది. రెండు సెకన్లు కష్టం.

కంప్రెసర్ మామ · ఏప్రిల్ 14, రాత్రి 10:20

అయితే అది 60 డిగ్రీల పైమాటే. జబ్బు అక్కడుంది, లోపల కాదు. పెల్టియర్ చల్లదనాన్ని తయారు చెయ్యదు, లోపలి వేడిని తోడి బయటికి పోస్తుంది, దానికి తోడు అది తిన్న కరెంటు కూడా వేడిగా మారి అటే వస్తుంది. ఆ వేడి పోయే దారి లేకపోతే తిరిగి పెట్టెలోకే కారుతుంది. ఏసీలోనూ అంతే, అవుట్‌డోర్ యూనిట్‌ని గోడకి ఆనించి మూసేస్తే లోపల గ్యాస్ ఎంత బాగున్నా ఏం లాభం.

ఈసీఈ ఫైనలియర్ (హైదరాబాద్) · ఏప్రిల్ 14, రాత్రి 11:32

మా బ్యాచ్‌లో నాలుగు టీములకి ఇదే ప్రాజెక్టు కాబట్టి ఈ పీసు గురించి కొంచెం తెలుసు. ప్యాకెట్ మీద 68 డిగ్రీల తేడా, 50 వాట్ల పైన చల్లదనం అని రెండూ రాసి ఉంటాయి. రెండూ నిజమే, కానీ ఒకేసారి రావు! రెండు వైపులా ఒకే వేడి ఉన్నప్పుడు మాత్రమే ఆ 50 చిల్లర వాట్లు తోడుతుంది. 68 డిగ్రీల తేడా వచ్చేసరికి తోడే వేడి సున్నా. మధ్యలో ఎక్కడో మనం ఉంటాం.

మీ కేసులో వేడి వైపు 60, చల్లటి ప్లేటు ఒక 10 అనుకుందాం, అంటే తేడా 50. అప్పుడు 12 వోల్టుల దగ్గర దాదాపు 4.75 ఆంపియర్లు లాగుతుంది, అంటే 57 వాట్లు తిని 17 వాట్ల వేడి మాత్రమే తోడుతుంది. మీ పెట్టె గోడ మందం ఎంత? అంగుళమా? ఆ సైజు పెట్టెకి ఒక్కో డిగ్రీ తేడాకి వాటు పైనే వేడి గోడల్లోంచి లోపలికి కారుతుంది. 12 డిగ్రీల తేడా దగ్గర తోడేది, కారేది సమానమైపోయి ఆగిపోతుంది. 41 లోంచి 12 తీస్తే 29. మీ లెక్క సరిగ్గా సరిపోయింది చూడండి.

పూలబండి · ఏప్రిల్ 15, ఉదయం 6:50

అంగుళమే బ్రో. లెక్క అంత కరెక్టుగా వచ్చేసరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంకో సంగతి చెప్పనా, ఇందాక అమ్మ రోజూ కప్పే తడి గోనెసంచి కింద నిన్నటి థర్మామీటరే పెట్టి చూశా, నిన్న మధ్యాహ్నం కూడా ఒకసారి పెట్టా. మధ్యాహ్నం 41 ఎండలో నీడన గోనె కింద 29.

సుబ్బు సందేహాలు (నెల్లూరు) · ఏప్రిల్ 15, ఉదయం 7:15

హహహ. 57 వాట్లు ఒక పక్క, చెంబెడు నీళ్ళు ఒక పక్క. అమ్మ గెలిచింది. థ్రెడ్ మూసెయ్యండి.

రిటైర్డ్ మాస్టారు (రాజమండ్రి) · ఏప్రిల్ 15, ఉదయం 8:30

మూయకండి, ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 670 వాట్ అవర్ల వేడి తీసుకుపోతుంది. కిలో ఐసు కరిగితే తీసుకునేది 93 వాట్ అవర్లు. అంటే గోనె మీద ఎండిపోయిన లీటరు నీరు ఏడు కిలోల ఐసుతో సమానం. కర్నూలు గాలి పొడిగా ఉంటుంది గనక అంత బాగా పనిచేసింది. అదే గోనె మా గోదావరి ఒడ్డున ఉక్కపోత రోజున కప్పితే నాలుగైదు డిగ్రీలు తగ్గితే గొప్ప. పైగా గోనె ఎంత తడిపినా తడి బల్బు ఉష్ణోగ్రత (తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు ఆ గాలిలో చూపించేది) కంటే కిందకి రానే రాదు. ఆ హద్దు దాటాలంటే ఐసో, యంత్రమో కావాలి. కాబట్టి అబ్బాయి ప్రయత్నం తప్పు కాదు.

ఈ పలక లోపల ఏముందో ఒకసారి చూద్దాం. 127 జతల బిస్మత్ టెల్లూరైడ్ అనే సెమీకండక్టర్ ముక్కలు, ఒకటి ఎన్ రకం, ఒకటి పీ రకం, వరసగా అతికి ఉంటాయి, పైనా కిందా పింగాణీ పలకలు. ఒక్కో ముక్క డిగ్రీకి సుమారు 200 మైక్రోవోల్టులు ఇస్తుంది. జతకి 400. దాన్ని 127తో గుణించండి, డిగ్రీకి 0.05 వోల్టు. చేతిలో ఉన్న పలకతోనే పరీక్షించవచ్చు: మల్టీమీటర్ తగిలించి ఒక వైపు అరచెయ్యి పెడితే మీటరు కదులుతుంది. కరెంటు ఇస్తే వేడిని మోస్తుంది, వేడి తేడా ఇస్తే కరెంటు పుట్టిస్తుంది. రెండూ ఒకే నాణేనికి రెండు వైపులు.

సుబ్బు సందేహాలు · ఏప్రిల్ 15, ఉదయం 8:41

మాస్టారూ అయితే తిప్పి తగిలిస్తే వేడి చేస్తుందా? డిసెంబర్‌లో మా ఇంట్లో దోసెల పిండి పులవదు.

రిటైర్డ్ మాస్టారు · ఏప్రిల్ 15, ఉదయం 9:10

చేస్తుంది. ఎరుపు నలుపు వైర్లు మార్చి తగిలిస్తే చాలు. 1838లో లెంజ్ అనే ఆయన సరిగ్గా ఇదే చేసి చూపించాడు. బిస్మత్, యాంటిమొనీ అతుకు మీద నీటి చుక్క వేసి కరెంటు పంపితే గడ్డకట్టింది, కరెంటు దిశ మార్చితే కరిగింది. అంతకు నాలుగేళ్ళ ముందే పెల్టియర్ ఆ ప్రభావాన్ని గమనించాడు గానీ ఏమిటో ఆయనకే సరిగ్గా అర్థం కాలేదు. ఆయన అసలు వృత్తి గడియారాల పని. అతుకు వేడెక్కితే కరెంటు పుడుతుందని 1821లో సీబెక్ కనిపెట్టిన కథ ఇంకా తమాషా. దిక్సూచి ముల్లు కదిలింది చూసి ఇదేదో వేడి వల్ల పుట్టిన అయస్కాంతం అనుకున్నాడు పాపం. క్లాసులో ఇది చెబితే వెనక బెంచీ వాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు.

ఈసీఈ ఫైనలియర్ · ఏప్రిల్ 15, ఉదయం 9:25

వేడికైతే ఇంకా లాభం సుబ్బు గారూ. పై లెక్కే చూడండి, 57 వాట్ల కరెంటు, లోపల్నుంచి తోడిన 17, మొత్తం 74 వాట్ల వేడి బయటికి వస్తుంది. మామూలు హీటర్‌కి 57 ఇస్తే 57 వాట్ల వేడే.

సుబ్బు సందేహాలు · ఏప్రిల్ 15, ఉదయం 9:31

57 ఇస్తే 74 వస్తుందా!! అయితే ఆ 74తో ఇంకో పెల్టియర్ పెట్టి కరెంటు తీసి మొదటిదానికే ఇచ్చెయ్యండి. కరెంటు బిల్లు సున్నా. నేను ఇప్పుడే పేటెంట్‌కి వెళ్తున్నా.

డాలస్ తెలుగోడు · ఏప్రిల్ 15, ఉదయం 10:02

పేటెంట్ ఫీజు ఆదా చేసుకోండి. మిగతా 17 గాల్లోంచి ఊడిపడలేదు, అది పెట్టెలోంచి తీసుకొచ్చిన వేడి. ఇక తిరిగి కరెంటు తీయడం సంగతి: ఈ పీసు 100 డిగ్రీల తేడా దగ్గర కూడా వేడిలో నాలుగైదు శాతానికి మించి కరెంటుగా మార్చడం కష్టం. మీ హీట్‌సింక్‌కీ గాలికీ 20 డిగ్రీల తేడా. ఆ 74 వాట్లలోంచి చచ్చీ చెడీ అర వాటు రావచ్చు, దానికి అడ్డం పెట్టిన రెండో పలక వల్ల మొదటిది సరిగ్గా చల్లబడక మీరు పోగొట్టుకునేది అంతకంటే ఎక్కువ.

నేను ఇక్కడ ఫైబర్ ఆప్టిక్ పరికరాల్లో పనిచేస్తా. మా దగ్గర ప్రతి లేజర్ కింద ఒక బుల్లి పెల్టియర్ ఉంటుంది, చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. లేజర్ ఒక డిగ్రీ వేడెక్కితే దాని తరంగదైర్ఘ్యం నానోమీటర్‌లో పదో వంతు జరుగుతుంది. ఒకే దారంలో పక్కపక్కనే నడిచే చానళ్ళ మధ్య ఎడం 0.8, కొన్నిట్లో 0.4 నానోమీటర్లు మాత్రమే. అంటే నాలుగు డిగ్రీలు అటూఇటూ అయితే పక్కవాడి మాట మన చెవిలో పడుతుంది. అక్కడ తోడాల్సిన వేడి వాటో రెండు వాట్లో, కావలసింది మాత్రం డిగ్రీలో వందో వంతు కచ్చితత్వం, కదిలే భాగాలు ఉండకూడదు, ఏళ్ళ తరబడి ఆగకూడదు. కంప్రెసర్ అక్కడ పనికిరాదు. దేని పని దానిది.

కంప్రెసర్ మామ · ఏప్రిల్ 15, మధ్యాహ్నం 1:15

ఏసీ వీడియోల వాళ్ళకి కూడా లెక్క చెప్పేస్తా. ఒక టన్ను ఏసీ అంటే 3500 వాట్ల వేడి తోడాలి. ఒక్కో పీసు 17 తోడితే 200 పీసులు, అవి లాగే కరెంటు 11 కిలోవాట్ల పైన. వీధి ట్రాన్స్‌ఫార్మర్ నీ పేరు మీద రాయించుకోవాలి. చిన్న ఫ్రిజ్ కంప్రెసరైనా వాటు కరెంటుకి వాటున్నర, రెండు వాట్ల వేడి తోడుతుంది. ఇదేమో వాటుకి 0.3.

కానీ ఇది అస్సలు పనికిరాదని నేననను. గోద్రెజ్ వాళ్ళు చోటుకూల్ అని కంప్రెసర్ లేని బుల్లి ఫ్రిజ్ తీసుకొచ్చారు, 12 వోల్టుల మీద ఈ పద్ధతిలోనే నడిచేది, మూత పైకి తెరుచుకునేది. పైకి తెరిస్తే చల్లగాలి కిందే ఉంటుంది, పక్కకి తెరిస్తే మొత్తం కారిపోతుంది. తమ్ముడూ నీ పలక మూతకి పెట్టావు, అది మంచిదే.

ల్యాబ్ అక్క (వరంగల్) · ఏప్రిల్ 15, రాత్రి 8:50

అందరూ పనికిరాదు పనికిరాదు అంటుంటే బాధేసి రాస్తున్నా. కోవిడ్ టైములో మీ అందరి ముక్కుల్లోంచి తీసిన శాంపిల్స్ చాలావరకు నడిచింది పెల్టియర్ మీదే. పీసీఆర్ మెషిన్‌లో ట్యూబులు 95 డిగ్రీలకి వెళ్ళాలి, అక్కడి నుంచి 60 దాకా దిగాలి, మళ్ళీ ఎక్కాలి, ఇట్లా నలభై సార్లు. ఒకే పలక వేడి చేస్తుంది, అదే పలక చల్లార్చుతుంది, కరెంటు దిశ మార్చడమే. 

కానీ వాటి బలహీనత కూడా మాకు బాగా తెలుసు. అన్నిసార్లు వేడెక్కి చల్లారి లోపలి అతుకులు పగుళ్ళిస్తాయి. ఒక మూల గుంటల్లో రిజల్ట్ తేడా వస్తోందంటే మా ఇంజినీరు ముందు చూసేది పలకనే. కాబట్టి తమ్ముడూ, థర్మోస్టాట్ పెట్టి నిమిషానికోసారి టకటకా ఆన్ ఆఫ్ చెయ్యకు. తక్కువ కరెంటు మీద ఆగకుండా నడిపించు. ఇంకోటి, చల్లటి వైపు చెమ్మ పడుతుంది, అది పలక అంచుల్లోంచి లోపలికి పోతే ముక్కలు తుప్పు పట్టి చచ్చిపోతాయి. చుట్టూ సిలికాన్ పూసి ఉందో లేదో చూసుకో, లేకపోతే నువ్వే పూయి.

ఈసీఈ ఫైనలియర్ · ఏప్రిల్ 15, రాత్రి 11:58

అక్క చెప్పిన తక్కువ కరెంటు పాయింటే అసలు ట్రిక్. ఇది చాలామందికి వింతగా ఉంటుంది. పెల్టియర్ తోడే వేడి కరెంటుతో పాటు మామూలుగా పెరుగుతుంది, కానీ లోపల పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. అందుకే ఫుల్ స్పీడ్‌లో నడపడం శుద్ధ దండగ.

పూలబండి బ్రో, ఇంకో 12706 ఒక్కటే కొనండి. రెండూ సిరీస్‌లో కలిపి అదే 12 వోల్టులు ఇవ్వండి, ఒక్కోదానికి 6 వోల్టులు పడతాయి. వేడి వైపుకి కంప్యూటర్ ప్రాసెసర్ మీద పెట్టే పెద్ద టవర్ కూలర్లు, రాగి గొట్టాలు ఉండేవి, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి, పలకకొకటి పెట్టండి. పలకకి అటూఇటూ తేడా 30 డిగ్రీలకి తగ్గించగలిగితే రెండూ కలిసి 27 వాట్లు తిని 21 వాట్లు తోడతాయి. కరెంటు సగం, చల్లదనం ఎక్కువ. కానీ కూలర్ చిన్నదై తేడా 40కి పోయిందా, ఇదే సెటప్ నాలుగైదు వాట్లు కూడా తోడదు. కూలర్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

పలకకీ హీట్‌సింక్‌కీ మధ్య థర్మల్ పేస్టు పల్చగా పూయండి, కేకు మీద క్రీములా కాదు. బోల్టులు స్టీలువైతే వేడి వాటిలోంచే లోపలికి నడిచి వస్తుంది, నైలాన్ వాషర్లు వేయండి. పెట్టెలో పెట్టె పెట్టి గోడ రెండంగుళాలు చేయండి. హీట్‌సింక్ లేకుండా మాత్రం పలకకి కరెంటివ్వకండి, మా వాడొకడు టెస్టింగ్ అని ఇచ్చి ముప్పై సెకన్లలో పొగ చూశాడు.

కట్టెలపొయ్యి (కరీంనగర్) · ఏప్రిల్ 16, ఉదయం 5:20

నాది ఉల్టా సవాలు. నాకు టిఫిన్ సెంటర్ ఉంది, పొద్దున నాలుగు నుంచి కట్టెల పొయ్యి మండుతూనే ఉంటుంది. అంత వేడి ఊరికే పోతోంది. ఈ పలకలు పొయ్యి గోడకి పెట్టి కరెంటు తీసి రెండు లైట్లు, ఫోన్ ఛార్జింగ్ నడుస్తాయా? ఎస్‌పీ1848 అని కరెంటు కోసమే చేసిన పలకలు చూశాను, 4.8 వోల్టులు, 669 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉంది. గుణిస్తే మూడు వాట్ల పైన కదా, రెండు పెడితే ఫోన్‌కి సరిపోతది.

రిటైర్డ్ మాస్టారు · ఏప్రిల్ 16, ఉదయం 7:40

ఆ గుణకారమే చెయ్యకూడదు బాబూ. 4.8 వోల్టులు అనేది ఏమీ తగిలించనప్పుడు కనిపించేది. 669 మిల్లీ ఆంపియర్లు అనేది రెండు వైర్లు కలిపేసినప్పుడు పారేది. నిజంగా ఏదైనా నడిపితే గరిష్ఠంగా వచ్చేది ఆ లబ్ధంలో నాలుగో వంతు. అంటే 0.8 వాటు. అదీ 100 డిగ్రీల తేడా నిలబెడితేనే. అమ్మేవాళ్ళు అబద్ధం రాయలేదు, నిజాన్ని మనం తప్పుగా గుణించుకునేలా రాశారు.

కంప్రెసర్ మామ · ఏప్రిల్ 16, ఉదయం 8:00

పైగా పొయ్యి గోడ 300, 400 డిగ్రీలు ఉంటుంది. చల్లబరిచే 12706 లాంటి పలకల్లో వాడే టంకం చాలావాటిలో 138 దగ్గరే కరిగిపోతుంది. వాటిని పొయ్యికి పెడితే ఒక్క ఇడ్లీ వాయికి చాలు, ముక్కలు ఊడి చేతికొస్తాయి.

కట్టెలపొయ్యి · ఏప్రిల్ 16, మధ్యాహ్నం 12:45

మరి లాభం లేదంటారా? రష్యాలో కిరోసిన్ దీపం మీద రేడియో నడిపేవాళ్ళని మా నాయన చెప్పేటోడు.

డాలస్ తెలుగోడు · ఏప్రిల్ 16, రాత్రి 7:30

మీ నాన్నగారు చెప్పింది నిజం. 1950ల్లో సోవియట్ యూనియన్‌లో కిరోసిన్ దీపం చిమ్నీ చుట్టూ రెక్కలున్న జనరేటర్ తగిలించి కరెంటు లేని ఊళ్ళలో రేడియో వినేవాళ్ళు. లెనిన్‌గ్రాడ్‌లో అబ్రామ్ యోఫే అనే శాస్త్రవేత్త ఉండేవాడు, మామూలు లోహాల బదులు సెమీకండక్టర్లు వాడాలని పట్టుబట్టింది ఆయనే. కానీ అక్కడ దీపం ఎలాగూ వెలగాలి, రేడియోకి కావలసింది అతి తక్కువ. మీ లైట్లకీ ఫోన్‌కీ పది వాట్ల సోలార్ ప్యానెల్ చవక, గొడవ లేదు.

పొయ్యికి ఈ పలక నిజంగా నప్పే పని ఒకటుంది. చిన్న ఫ్యాను. పొయ్యిలోకి గాలి కొట్టే బుల్లి ఫ్యానుకి వాటు, రెండు వాట్లు చాలు. పొయ్యి మండితేనే ఫ్యాను తిరుగుతుంది, ఫ్యాను తిరిగితే పొగ తగ్గి మంట బాగుంటుంది. బ్యాటరీ అక్కర్లేదు, స్విచ్ అక్కర్లేదు.

ఈసీఈ ఫైనలియర్ · ఏప్రిల్ 16, రాత్రి 9:15

కొత్త గ్యాస్ స్టవ్‌లలో మంట ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగిపోయేది ఉంటుంది కదా, అదీ ఇదే సూత్రం. మంటలో ఉండే చిన్న పుల్ల ఒక థర్మోకపుల్ (రెండు లోహాల అతుకు), అది ఇచ్చే కొన్ని పదుల మిల్లీవోల్టులే వాల్వ్‌ని పట్టి ఉంచుతాయి. అందుకే ఆ స్టవ్‌లకి నాబ్ కాసేపు నొక్కి పట్టుకోమంటారు.

ఇక మనవాళ్ళకి ఇష్టమైన టాపిక్. 1977లో వెళ్ళిన వాయేజర్ అంతరిక్ష నౌకలు రెండూ ఇప్పటికీ బతికున్నది ఇలాంటి జనరేటర్ల మీదే. ప్లుటోనియం-238 వేడి, చుట్టూ సిలికాన్ జెర్మేనియం జతలు. బయల్దేరినప్పుడు దాదాపు 470 వాట్లు, ఏడాదికి సుమారు 4 వాట్లు తగ్గుతూ వస్తోంది. మార్స్ మీద క్యూరియాసిటీ రోవర్‌కి మొదట్లో 110 వాట్లు, అది తీయడానికి లోపల దాదాపు 2000 వాట్ల వేడి. అంటే నాసా వాళ్ళకైనా ఆరు శాతం లోపే! మన చంద్రయాన్-3 ప్రొపల్షన్ మాడ్యూల్‌లో కూడా ఒక్కో వాటువి రెండు రేడియో ఐసోటోప్ యూనిట్లు పెట్టారు, కానీ అవి వెచ్చదనానికే, కరెంటుకి కాదు.

సుబ్బు సందేహాలు · ఏప్రిల్ 16, రాత్రి 9:22

రెండొందల ఏళ్ళయింది, చంద్రుడి దాకా వెళ్ళాం, ఇంకా ఆరు శాతమేనా? ఎందుకు పెరగదు?

రిటైర్డ్ మాస్టారు · ఏప్రిల్ 17, ఉదయం 6:30

మంచి ప్రశ్న, మొదటిసారి అడిగారు. ఈ పదార్థానికి కరెంటు లోహంలా సులువుగా పారాలి, వేడి మాత్రం గాజులా పారకుండా ఆగాలి. కరెంటు మోసే ఎలక్ట్రాన్లే వేడినీ మోస్తాయి, అదీ చిక్కు. ఒకటి పెంచితే రెండోది పెరుగుతుంది. ఈ పదార్థాల నాణ్యతకి జెడ్‌టీ అని ఒక కొలత ఉంది. 1950ల్లో వచ్చిన బిస్మత్ టెల్లూరైడ్ ఒకటి దగ్గర ఉంది, బజారులో మీరు కొనేది ఇప్పటికీ అక్కడే ఉంది. కంప్రెసర్‌తో పోటీ పడాలంటే మూడు దాటాలంటారు. బెంగుళూరు జేఎన్‌సీఏఎస్‌ఆర్ పరిశోధన సంస్థలో కనిష్క బిశ్వాస్ బృందం 2021లో వెండి, యాంటిమొనీ, టెల్లూరియం కలిసిన పదార్థంలో కాస్త కాడ్మియం చేర్చి 300 డిగ్రీల దగ్గర 2.6 దాకా తెచ్చింది. అయితే పరిశోధనశాలలో ముక్క వేరు, వేలసార్లు వేడెక్కి చల్లారినా అతుకు ఊడకుండా నిలిచే పలక వేరు. టెల్లూరియం కూడా రాగి శుద్ధి చేసేటప్పుడు మిగిలే మడ్డిలోంచి వచ్చే అరుదైన సరుకు.

పూలబండి · ఏప్రిల్ 22, రాత్రి 10:30

వారం తర్వాత వచ్చా, సారీ. చెప్పినట్టే చేశా. రెండు పలకలు సిరీస్‌లో, తెలిసినవాడి ద్వారా పాత టవర్ కూలర్లు రెండు, పెట్టెలో పెట్టె, నైలాన్ వాషర్లు. మీటర్ పెడితే 2.2 ఆంపియర్లు. ఖాళీ పెట్టె బయట 40కి లోపల 21! వేడి వైపు హీట్‌సింక్ ఇప్పుడు గోరువెచ్చగా ఉంది అంతే. ఇంట్లో అరిచా.

తర్వాత రోజు ఐదు కిలోల మొగ్గలు పెట్టా. మధ్యాహ్నం పన్నెండుకి చూస్తే 31. మూడింటికి 28. ఏమైంది మళ్ళీ?

కంప్రెసర్ మామ · ఏప్రిల్ 22, రాత్రి 10:48

ఏం కాలేదు. ఖాళీ పెట్టెలో గాలే కదా ఉంది, దానికి బరువేముంది. పూలంటే సగానికి పైగా నీళ్ళు. ఐదు కిలోల పూలు 40 నుంచి 20కి రావాలంటే వంద వాట్ అవర్ల పైన తోడాలి. గోడల్లోంచి కారేది పోను నీ పలకలకి మిగిలేది పది వాట్లు. పది గంటలు పడుతుంది, అప్పటికి గుడి తలుపులు మూస్తారు. పూలు కూడా ఊపిరి తీసుకుంటాయి, వాటి వేడి వాటిదే. అదే వంద వాట్ అవర్లు కిలో పైచిలుకు ఐసు తీసేస్తుంది, అంతకంటే చాలా త్వరగా. పొద్దున ఐసుతో దించు, తర్వాత పలకలు పట్టి ఉంచుతాయి.

పూలబండి · ఏప్రిల్ 26, రాత్రి 9:05

అలాగే చేశా మామా. కవర్లో కట్టిన ఐసు రెండు కిలోలు అడుగున, పైన జాలీ, దాని మీద పూలు. నీళ్ళు తగిలితే మొగ్గలు ఎర్రబడతాయని అమ్మ ముందే తిట్టి చెప్పింది. మూడు రోజులు బ్రహ్మాండం, సాయంత్రం ఆరింటికి కూడా మొగ్గ మొగ్గలాగే ఉంది. నిన్న మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయింది. పలకలు ఆగిపోతే కనీసం మందం పెట్టె కదా, ఐసు డబ్బాలా అయినా ఆగుతుందనుకున్నా. అమ్మ పక్కన పెట్టుకున్న మామూలు ఐసు పెట్టె కంటే నాదే ముందు వేడెక్కింది!

డాలస్ తెలుగోడు · ఏప్రిల్ 26, రాత్రి 9:40

అయ్యో, ఇది మేం ముందే చెప్పాల్సింది. కరెంటు లేని పెల్టియర్ అంటే గోడకి పెట్టిన కిటికీ. ఒక్కో పలక డిగ్రీకి అర వాటు పైన వేడిని లోపలికి వదులుతుంది. రెండు పలకలు, 20 డిగ్రీల తేడా అంటే 20 వాట్ల పైనే. మీ పెట్టె గోడలన్నీ కలిపి వదిలే దాని కన్నా అదే ఎక్కువ. కంప్రెసర్ ఫ్రిజ్ ఆగిపోతే ఊరికే ఆగుతుంది, ఇది ఆగిపోతే ఎదురు తిరుగుతుంది.

ల్యాబ్ అక్క · ఏప్రిల్ 26, రాత్రి 10:10

చిన్న 12 వోల్టుల బ్యాటరీ బ్యాకప్ పెట్టుకో తమ్ముడూ, 27 వాట్లు ప్లస్ ఫ్యాన్లు, రెండు గంటలకి 70 వాట్ అవర్లు చాలు. పాత యూపీఎస్ బ్యాటరీ అయినా నడుస్తుంది.

పూలబండి · ఏప్రిల్ 27, ఉదయం 7:00

బ్యాటరీ కొందామంటే అమ్మ లెక్క వేసింది: పలకలు, కూలర్లు, ఎస్‌ఎంపీఎస్, ఇప్పుడు బ్యాటరీ, ఈ డబ్బుతో సీజనంతా ఐసు వస్తుంది కదరా అని. నిజమే. పలకలు తీసేసి ఆ కంతలకి థర్మాకోల్ ముక్కలు బిగించా. రెండంగుళాల పెట్టె, రెండు కిలోల ఐసు, పైన తడి గోనె. సాయంత్రానికి 24. పలకలు రెండూ, కూలర్లు డ్రాయర్లో ఉన్నాయి, సుబ్బు గారికి దోసెల పిండికి కావాలంటే పంపిస్తా.

సుబ్బు సందేహాలు · ఏప్రిల్ 27, ఉదయం 7:08

పంపించు. కొరియర్ ఖర్చు నాదే. 74 వాట్లు వస్తుందో లేదో నేనే చూస్తా.

కట్టెలపొయ్యి · మే 3, ఉదయం 4:55

ఫ్యాను తిరిగింది! వేడికి తట్టుకునే రకం పలక ఒకటి తెప్పించిన, పొయ్యి గోడకి నేరుగా పెట్టలేదు, మధ్యలో మందం అల్యూమినియం ముక్క. చల్లటి వైపు ఇడ్లీ పాత్రలోకి పోసే నీళ్ళ డబ్బా ఆనించిన, ఆ నీళ్ళు ఎట్లాగూ వేడి కావాలి కదా. మంట అంటుకున్న ఏడో నిమిషంలో దానంతటదే తిరిగింది. వోల్టు 2.1 చూపిస్తోంది. పొగ తగ్గింది అని మా ఆవిడే అన్నది.

కంప్రెసర్ మామ · మే 3, ఉదయం 6:20

నీళ్ళ డబ్బా ఖాళీ అయితే చూసుకో. నీళ్ళు లేకుండా పది నిమిషాలు మండిందంటే పలక పోతుంది.

కట్టెలపొయ్యి · మే 3, ఉదయం 10:30

నీళ్ళు మరిగినంక ఫ్యాను నెమ్మదిస్తోంది మామా, అది గమనించిన. అప్పుడు డబ్బా మార్చి చల్లనీళ్ళు పెడుతున్న.